లెక్క వచ్చు... లెక్కలోని మాటే రాలేదు!

మీ ఇంట్లో ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లలున్నారా? ఉంటే ఈ సాయంత్రం కూర సంగతి కాసేపు పక్కన పెట్టి, వాళ్ల లెక్కల పరీక్ష పేపరు అడిగి తీసుకోండి. మార్కులు చూడకండి. ఎర్ర సిరాతో సున్నా చుట్టిన చోట పిల్ల ఏం రాసిందో చూడండి. పోయిన దసరా సెలవుల్లో నేను మొదటిసారి ఆ పని చేశాను. అంతకు ముందంతా మార్కులు చూడడం, రెండు తిట్టడం, సంతకం పెట్టి పంపడం... అంతే!

మాది శ్రీసిటీ పక్కన పల్లె. శ్రీసిటీ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. చెన్నై నుంచి నెల్లూరు పోయే పెద్ద రోడ్డు మీద తడ దగ్గర పడమటికి తిరిగితే వస్తుంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైంది. ఒకప్పుడు మెట్ట చేలూ చెరువులూ ఉన్న చోట ఇప్పుడు జపాను వాళ్ల కార్లూ ఏసీ మిషన్లూ తయారవుతున్నాయి. చాక్లెట్ల ఫ్యాక్టరీ ఉంది, మెట్రో రైలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీ ఉంది. పొద్దున ఆరు కాకముందే మా ఊరి మలుపులో కంపెనీ బస్సులు వరసగా నిలబడతాయి. ఎక్కే వాళ్లలో ఆడపిల్లలు బాగానే ఉంటారు.

అందుకే మా ఏడో తరగతి పాప ఆ మధ్య వాళ్ల నాన్నతో, "నాకు లెక్కలు రావు నాయనా. ఇంటరు అయిందనిపించి కంపెనీలో చేరిపోతా" అనేసింది. మావారు నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కంపెనీ పని తక్కువదని కాదండీ. "లెక్కలు రావు" అన్న ఆ ఒక్క మాట నేనూ ఆ వయసులోనే అన్నాను. లెక్కలంటే భయపడి ఇంటర్లో హెచ్.ఇ.సి. తీసుకున్నాను. ఆ తరువాత పెళ్లి, వంటిల్లు... మీకు చెప్పాలా!

సరే, పేపరు తెరిచాను. ప్రశ్న ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబితే ఇది: ఒకాయన జీతం 12,000 రూపాయలు. అందులో నాలుగో వంతు ఇంటి బాడుగ. మిగిలిన దాంట్లో మూడో వంతు తిండి ఖర్చు. ఇంకా ఎంత మిగిలింది? మా పాప 12,000లో నాలుగో వంతు 3,000 తీసింది, మళ్లీ 12,000లోనే మూడో వంతు 4,000 తీసింది. 5,000 మిగిలిందని రాసింది. పక్కన గుండ్రంగా సున్నా.

పేపరు మడిచి పెట్టి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామూలుగా అడిగాను.

"పాపా, మీ నాయన జీతం పన్నెండు వేలనుకో. నాలుగో వంతు బాడుగకు పోయింది."

"మూడు వేలు పోతే తొమ్మిది వేలు."

"మిగిలిన దాంట్లో మూడో వంతు అంగట్లో సరుకులకిచ్చినా."

"మూడు వేలు. ఇంకా ఆరు వేలు ఉంది కదమ్మా. ఎందుకు?"

"ఇదే నీ పేపర్లో లెక్క."

అది నమ్మలేదు. పేపరు లాక్కుని మళ్లీ చదివింది. "రిమెయినింగ్ అని ఉంది మా ఇక్కడ. ఆ మాట నేను దాటేసినా. చూసినా గానీ... దానికి అర్థం ఏందో సరిగ్గా తెలీదు" అంది మెల్లగా.

చూశారా! భిన్నాలు వచ్చు, తీసివేత వచ్చు. రానిది ఒక్క మాట. ఆ మాటకు పడిన సున్నాను అది లెక్కల ఖాతాలో రాసుకుంది. నేనూ అందులోనే రాశాను, అంతకు రెట్టింపు!

ఎక్కడ ఆగిందో పట్టుకోండి

మా ఆడపడుచు తిరుపతిలో టీచరు. ఫోన్లో ఈ సంగతి చెబితే, "వదినా, ఇది మీ ఇంటి జబ్బు కాదు, లోకం జబ్బు" అంది. ఆస్ట్రేలియాలో న్యూమన్ అనే ఆవిడ 1977లోనే ఈ విషయం మీద పని చేసి చూపించారట. మాటల్లో ఇచ్చిన లెక్క చెయ్యాలంటే పిల్లలు ఐదు మెట్లు ఎక్కాలి. ముందు ప్రశ్న చదవాలి. ఆ తరువాత అది ఏం అడుగుతోందో అర్థం కావాలి. కూడాలా, తియ్యాలా, భాగించాలా అన్నది తేల్చుకోవాలి. అప్పుడు గాని అసలు లెక్క రాదు. చివరికి జవాబును అడిగిన తీరులో రాయాలి. ఐదింట్లో లెక్క అన్నది నాలుగో మెట్టు! మన పిల్లలు చాలామంది ఒకటో రెండో మెట్టు మీదే జారి పడుతుంటే, మనం నాలుగో మెట్టుకు ట్యూషను పెడుతున్నాం. ఎక్కాలు వంద సార్లు రాయించి చేతులు నొప్పి పుట్టిస్తున్నాం.

దీనికి మీరు లెక్కల్లో దిట్ట కానక్కర లేదు. నేను కాదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది పైకి చదువు" అనండి. చదివాక, "పుస్తకం మూసి నీ మాటల్లో నాకు కథలాగా చెప్పు" అనండి. ఇక్కడే తొంభై పాళ్లు దొరికిపోతుంది. కథ చెప్పలేకపోతే లెక్క జోలికి పోనివ్వకండి. చెప్పిందనుకోండి, "అయితే ఏం చేస్తావ్? ఎందుకు?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో జవాబు అందించకండి. నాకు ఈ ఊరుకోవడమే చాలా కష్టమైంది, నిజం చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా మా ఆడపడుచు చెప్పింది. ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో 1979-80 ప్రాంతంలో చిన్న పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారట. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ నడిపే ఆయన వయసెంత? మూడొంతుల మందికి పైగా పిల్లలు ఏదో ఒక జవాబు రాశారు. చాలామంది రెండూ కూడి 36 అన్నారు. గొర్రెలకూ ఆయన వయసుకూ ఏమి సంబంధం అని అడిగిన పిల్లలు కొద్దిమందే! నవ్వొస్తుంది గాని, నేను మా పాపను, "ఐదు చీరలు ఎండలో ఆరడానికి రెండు గంటలు పట్టింది. పది చీరలకు ఎంత?" అని అడిగితే టక్కున "నాలుగు గంటలు" అంది. రోజూ మిద్దె మీద బట్టలు ఆరేసి వచ్చే పిల్ల! కుక్కర్లో ఒక గ్లాసు బియ్యానికి మూడు కూతలైతే రెండు గ్లాసులకు ఆరు కూతలు పెట్టదు కదా. పుస్తకం తెరవగానే మాత్రం ఇంట్లో తెలిసిందంతా గడప అవతల వదిలేస్తారు.

దీనికి తలకిందులైన సంగతీ ఉంది. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫీ అనే ఊళ్లో బజార్లో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లల్ని చదువుకున్న వాళ్లు కొందరు పరీక్షించారు. బేరం మధ్యలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా పెడితే నూటికి 37 మాత్రమే! మన దేశంలోనూ కలకత్తా, ఢిల్లీ బజార్లలో పని చేసే పిల్లల మీద ఇలాంటి పరిశీలన జరిగింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులూ వాళ్ల తోటివారూ 2025లో ప్రకటించారు. బజారు పిల్లలకు బడి లెక్క రాలేదు, బడి పిల్లలకు బజారు లెక్క రాలేదు. రెండింటికీ మధ్య గోడ! ఆ గోడకు కన్నం పెట్టడానికి మన వంటిల్లు కంటే మంచి చోటు ఏముంది చెప్పండి? ఇడ్లీకి ఒక గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోస్తాం. రవ్వ ఐదు గ్లాసులుంటే పప్పెంత? ఇది నిష్పత్తి అని దానికి తెలియకముందే రెండున్నర అని చెప్పేస్తుంది. ఆ తరువాత పుస్తకంలో "నిష్పత్తి" అన్న మాట చూపించండి, పాత చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు వేసి ఇస్తున్నారు. మా ఇంట్లో పుస్తకం చూస్తే ఇంగ్లీషు పేజీల మీద పెన్సిలు గీతలు, తెలుగు పేజీలు కొత్త నోటులా కళకళలాడుతున్నాయి! "పరీక్ష ఇంగ్లీషులో కదమ్మా" అంది. అలా కాదు. ముందు తెలుగు పేజీ చదివి కథ చెప్పించుకున్నాను. తరువాత ఇంగ్లీషు పేజీ. మధ్యలో అడ్డం పడే మాటలు ఒక పాత డైరీలో రాయించాను. రిమెయినింగ్ అంటే మిగిలినది, ఈచ్ అంటే ఒక్కొక్కటి, అట్ లీస్ట్ అంటే ఇంతకు తగ్గకుండా, డిఫరెన్స్ అంటే తేడా. ముప్ఫై నలభై మాటల కంటే ఎక్కువ లేవండీ. అవే తిప్పి తిప్పి వస్తుంటాయి. మూడు నెలల్లో అయిపోయింది.

అన్నట్టు, లెక్కను మాటల్లో చెప్పడం మనకు కొత్తేమీ కాదు. మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా రాశాడు. పదకొండో శతాబ్దం వాడని చెబుతారు. భాస్కరాచార్యుల లీలావతి 1150 నాటిది, అందులో చాలా లెక్కలు ఒక అమ్మాయిని పిలిచి అడిగినట్టే ఉంటాయి. వెనకటికి లెక్క నేర్చుకోవాలంటే పద్యం అర్థం కావాల్సిందే. చదువు వేరు, లెక్క వేరు అని ఎప్పుడు విడగొట్టుకున్నామో!

మా అమ్మ తలుపు మీద రాసిన లెక్క

నా పుట్టినిల్లు తడ దగ్గర. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది గాని, నా చిన్నప్పుడు అది నెల్లూరు జిల్లా. 1991లో ఆ జిల్లాలో అక్షరజ్యోతి వచ్చింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి పలకా బలపం పట్టుకుని వీధి దీపం కింద కూర్చునేవాళ్లు. మా అమ్మ కూడా. నేను పక్కన పడుకుని వింటూ వింటూ నిద్రపోయేదాన్ని. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడు వల్ల నాశనమైన సంసారం కథ. దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మగారు, 1992లో సారా మీద తిరగబడ్డ సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు.

అందరూ చదువు గురించే చెబుతారు. నాకు గుర్తున్నది మాత్రం ఒక లెక్క. ఒక రాత్రి మా అమ్మ సుద్దముక్కతో వంటింటి తలుపు మీద రాసింది. రోజుకు 10 రూపాయలు. నెలకు 300. సంవత్సరానికి 3,650. హెచ్చవేతలో ఒకసారి తప్పు పోయింది, తుడిచి మళ్లీ వేసింది. పొద్దున మా నాన్న లేచేసరికి ఆ తలుపు దగ్గర నిలబడి, "దీనికి ఒక పాడావు వచ్చేదా, రాదా? నువ్వే చెప్పు" అంది. ఆయన మాట్లాడలేదు. ఆ అంకె చాలా రోజులు ఆ తలుపు మీదే ఉంది, ఎవరూ తుడవలేదు. సీతమ్మ కథ చదివి మా అమ్మ ఏడ్చింది, నిజమే. నిలబడి అడిగింది మాత్రం ఆ 3,650 చూసుకున్నాకే.

ఈ కాలంలో ఆ తలుపు బదులు జీతం చీటీ ఉంది. మా పక్కింటి అమ్మాయి ఒక కంపెనీలో రెండేళ్లు చేసి మానేసింది. "అక్కా, నెలనెలా నా జీతంలో కోసేసుకున్నారు" అని బాధపడితే చీటీ తెమ్మన్నాను. అంతా ఇంగ్లీషు. మా పాపను కూడా కూర్చోబెట్టి ముగ్గురం చదివాం. ఆ కోత పి.ఎఫ్. బేసిక్ జీతంలో నూటికి 12 ఈ అమ్మాయి వాటా. కంపెనీ కూడా అంతే వాటా కట్టాలి. బేసిక్ 10,000 అయితే ఈమెది నెలకు 1,200, రెండేళ్లకు 28,800. కంపెనీ కట్టేది వేరే. అది పోయిన డబ్బు కాదు, ఈమె పేరున దాచిన డబ్బు! ఆ అమ్మాయి ముఖం చూడాలి మీరు. ఇంటరు పాసైన పిల్లే, శాతాలు రానిది కాదు. ఆ చీటీ తనకు చదవొచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే. మీ ఇళ్లలో ఉద్యోగం మానేసిన ఆడపిల్లలుంటే ఇవాళే అడగండి.

పొట్లం కాగితంలో ప్రపంచం

ఇక సరదా సంగతి. మా ఊరి బడిలో లెక్కల సారుకు ఈ గొడవంతా చెప్పాను. మంచాయన, విన్నాడు. శనివారం ఒక పీరియడు ఇలా చేద్దామన్నాడు. పిల్లల్ని ఇంటి నుంచి ఖాళీ పొట్లాలు, అట్టపెట్టెలు తెమ్మన్నాడు. సబ్బు, బిస్కెట్లు, చాక్లెట్లు, టూత్‌పేస్టు... ఎక్కడ తయారైంది, బరువెంత, ధర ఎంత, గ్రాముకు ఎంత పడింది? చాలా పొట్లాల మీద ఇప్పుడు గ్రాము ధర కూడా అచ్చు వేస్తున్నారు, పిల్లలు లెక్క వేసి అది సరిపోయిందో లేదో చూస్తారు. మనమూ చూడాలి! పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక కాదని మా పాపే నాకు చూపించింది.

చాక్లెట్టు కాగితం దగ్గర చాలాసేపు ఆగారట. చాక్లెట్టుకు కోకో గింజలు కావాలి. ప్రపంచంలో పండే కోకోలో ఇంచుమించు సగం ఐవరీ కోస్టు, ఘనా అనే రెండు ఆఫ్రికా దేశాల్లోనే పండుతుంది. మన దేశంలో ఎక్కువ పండించేది మన రాష్ట్రమే, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన. ఆఫ్రికాలో వానలు అటూ ఇటూ అయ్యి, చెట్లకు తెగులు తగిలి పంట పోతే 2024లో టన్ను ధర పది వేల డాలర్లు దాటింది. డాలరు 83 రూపాయలు వేసుకుంటే కిలో ఎంత? పిల్లలు వేశారు, 830 రూపాయలు. ఎక్కడో ఆఫ్రికాలో చెట్టుకు జబ్బు చేస్తే ఇక్కడ పిల్లల చేతిలో చాక్లెట్టు ఎందుకు చిన్నదవుతుందో ఒక్క భాగహారంతో తెలిసిపోయింది.

మా పై వాటాలో ఉండే అబ్బాయి జపాను కంపెనీలో పని చేస్తాడు. అతను చెప్పింది నాకూ కొత్తే. మనం లక్ష, కోటి అని లెక్కపెడతాం. ఇంగ్లీషు వాళ్లు వెయ్యి, మిలియను అని మూడేసి అంకెలకు కామా పెడతారు. జపాను వాళ్ల మాటల్లో పది వేలు ఒక మెట్టు, దాన్ని మాన్ అంటారు. మన లక్ష వాళ్లకు పది మాన్. ఆ పైన మెట్టు ఓకు, అంటే మన పది కోట్లు. 2022 చివర్లో ప్రపంచ జనాభా 800 కోట్లు అయిందన్నారు కదా, అది ఇంగ్లీషులో ఎనిమిది బిలియన్లు, జపాను భాషలో ఎనభై ఓకు. మనుషులు అంతమందే, పలికే తీరు వేరు! ఫ్రెంచి వాళ్లయితే తొంభై తొమ్మిదిని "నాలుగు ఇరవైలూ పంతొమ్మిదీ" అంటారట. మన తెలుగు ఎంత హాయి... తొంభై తొమ్మిది!

మెట్రో రైలు పెట్టెల లెక్క సారుగారే చెప్పారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరానికి 22 రైళ్లు మన శ్రీసిటీలోనే తయారై ఓడలెక్కాయి. రైలుకు ఆరు పెట్టెలు, మొత్తం 132. ఆ లైను 2019 మేలో మొదలైంది. సిడ్నీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందు, వాళ్ల ఎండాకాలంలో ఐదున్నర. వాళ్లకు ఎండాకాలం మనకు చలికాలమప్పుడు. "మనం పొద్దున ఎనిమిదికి బడికొచ్చేటప్పటికి డిసెంబరులో అక్కడ టైమెంత?" అని సారు అడిగితే, మా పాప చెయ్యెత్తి ఒకటిన్నర అని చెప్పిందట. ఇంటికొచ్చి నాకు మూడు సార్లు చెప్పింది. చెయ్యెత్తడం కూడా మొదటిసారే మరి!

అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. సారుకు సిలబసు పూర్తి చెయ్యాల్సిన తొందర ఉంటుంది, కొన్ని శనివారాలు ఈ పీరియడు ఎగిరిపోతుంది. మా పాపకు దసరా ముందు వందకు 34 వచ్చాయి, సంవత్సర పరీక్షల్లో 58. "అట్ లీస్ట్" దగ్గర మళ్లీ పడింది. డైరీలో రాసుకుని కూడా! కంపెనీ మాట మాత్రం ఈ మధ్య ఎత్తడం లేదు. ఆ మెట్రో రైళ్లకు బొమ్మలు ఎవరు గీస్తారు, దానికేం చదవాలి అని అడుగుతోంది. కనుక్కుని చెబుతానన్నాను.

పోయిన నెల మా అమ్మ వచ్చింది. ఇప్పుడు డెబ్భై దాటాయి. మనవరాలు డైరీ ముందేసుకుని, "అవ్వా, నీకో లెక్క. ఐదు చీరలు ఆరడానికి రెండు గంటలైతే పది చీరలకు ఎంత?" అంది.

మా అమ్మ వక్క కొరుకుతూ కాసేపు ఆలోచించి, "మీ దండెం ఎంత పొడుగుందే?" అని అడిగింది.